పొలిమేర తాడు దగ్గర మంచుపెట్టె

వేరుశనగ విత్తనం మా గూడూరు పక్కల దొరక్క నేను కార్వేటినగరం దాకా పోలేదు. దొరుకుతుంది, కానీ దొరికిన దాంట్లో సగం మొలవదు. మా రాజమ్మక్క చేతి విత్తనం అలా కాదు. బావ పోయినప్పటి నుంచి మద్దికండ్రిగలో ఉన్న కాస్త మెట్టనూ ఆమే ఒక జత ఎద్దులతో సాగు చేసుకుంటోంది. కాయలను తొక్కతోనే కుండల్లో దాచి, విత్తే అదను దగ్గర పడ్డాక రోహిణి కార్తెలో నీడపట్టున కూర్చుని చేత్తో ఒలుస్తుంది. "ముందే ఒలిచి పెడితే గింజకి ఊపిరి పోతాదిరా" అంటుంది. ఆ విత్తనం ఒక బస్తా తెచ్చుకుందామనీ, దారిలోనే కదా, కొండకు పోయి తలనీలాలు ఇచ్చి రమ్మన్న మా ఇంటావిడ హుకుం కూడా తీర్చుకుందామనీ, యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో బయలుదేరాను. ఆ వైపు పోదలచిన రైతులకు పనికొస్తాయని దారి వివరాలు కూడా రాస్తున్నాను.

గూడూరులో చిన్నబండి, అదే మీటరుగేజి రైలు, తెల్లవారి అయిదున్నరకు కదలాలి. కదిలేసరికి సూర్యుడు పైకొచ్చాడు. యుద్ధం అయిపోయిందన్నారు గాని, ఆ కబురు రైలు పెట్టెలకు ఇంకా అందినట్టు లేదు. మూడో తరగతిలో కాలు పెట్టే చోటు లేక, అక్క కోసం తెచ్చిన ఆవకాయ జాడీని చంకలో పెట్టుకుని వెంకటగిరి దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. కాళహస్తిలో సీటు దొరికింది, ఇడ్లీ కూడా దొరికింది. బియ్యం రేషను రోజులు కాబట్టి ఇడ్లీలో జొన్నపిండి పాలే ఎక్కువ. ఆకలి రుచి ఎరగదంటారు. నా ఆకలి ఎరిగింది, అయినా తినేశాను.

ఏర్పేడులో ఒక దోసకాయల ఆయన గంప నెత్తిన పెట్టుకుని ఎక్కాడు. రోజూ ఈ బండిలోనే రేణిగుంటకు పోయి, ప్లాట్‌ఫారం మీద అమ్ముకుని, మధ్యాహ్నం బండికి తిరిగి ఇంటికి పోతాడట. కాయ బాగుందే అన్నందుకు ఊరుకోకుండా, తీగ పాదు మీద చెరువు మన్ను ఎంత వెయ్యాలో, పిందె దశలో ఏ పూట నీళ్లు పెట్టాలో అన్నీ చెప్పి, చివర నన్ను అడిగాడు.

"యాడికప్పా ప్రయాణం?"

కార్వేటినగరం పక్కకు, మా అక్క ఊరికి అన్నాను.

"ఆ పక్క గొడ్లకి పెద్దరోగం తగులుకొనిండాదంట. మీ యక్కకి ఎద్దులుండాయా?"

ఒక జత ఉన్నాయన్నాను.

"అట్లయితే నా మాటగా జెప్పు. సర్కారోళ్లు సూది ఏస్తామని వస్తారు. ఏయించుకోవద్దను. పోయినేడు మా సుట్టాల ఊళ్లో సూది ఏసిన గొడ్లు ఏసినట్టే సచ్చినాయి."

పెద్దరోగం అంటే తెలియని రైతు లేడు. పశువుకు ముందు జ్వరం, తర్వాత కళ్ల వెంట నీళ్లు, నోట్లో పుండ్లు, ఆగని పారుడు. దొడ్లో ఒకదానికి వచ్చిందంటే ఊరి కొట్టాలన్నీ ఖాళీ అవుతాయి. ఏరువాక ముందు ఎద్దు పోతే ఆ ఏడు పొలం బీడే. అక్క వయసు మనిషికి ఆ జత పోతే మళ్లీ కొనే తాహతు లేదు. కొండ మాట మరిచిపోయి నేరుగా పుత్తూరు బండి ఎక్కేద్దామా అనుకున్నాను. కాని మొక్కు ఎగ్గొట్టి పోతే, ఎద్దులకు ఏమైనా అయినప్పుడు ఆ నింద నా నెత్తికే చుడతారు. మా ఇంటావిడే మొదలుపెడుతుంది. అందుకని తిరుపతికే పోయాను.

కొండకు ఇప్పుడు బస్సు పడింది. పోయినసారి నడిచి ఎక్కి వారం రోజులు పిక్కలు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఈసారి కిటికీ పక్కన కూర్చుని లోయ చూస్తూ ఎక్కాను. మలుపు తిరిగినప్పుడల్లా జనం గోవిందా అని అరిచారు. అందులో భక్తి ఎంతో భయం ఎంతో ఆ స్వామికే తెలియాలి. గుండు, స్నానం, దర్శనం సాయంత్రానికి అయిపోయాయి. సత్రంలో చోటు దొరికింది. మర్నాడు పొద్దున దిగబోయే ముందు పూలతోటలో ఒక ముసలాయన మల్లెపాదుల మీద ఎండాకు మందంగా కప్పుతూ కనిపించాడు. ఎందుకయ్యా అంటే, "నీళ్లు పొయ్యడం ఎవురైనా పోస్తారు సామీ, పోసిన నీళ్లు ఎండకి పోకుండా కాసుకోవాల గదా" అన్నాడు. పాదులో వేలు పెట్టి చూశాను. నడివేసవిలో మన్ను తడిగా ఉంది. పెరటి తోటలు పెంచేవారు ఈ మాట గుర్తుంచుకుంటే బావిగిలకకు కొంత విశ్రాంతి.

రేణిగుంటలో పెద్దబండికి, అదే బ్రాడ్‌గేజి రైలుకు, మారి పుత్తూరు చేరేసరికి పదిన్నర. అప్పుడే అటు నుంచి మద్రాసు బండి వచ్చింది. గార్డు పెట్టెలోంచి ఒక చెక్కపెట్టె దింపించుకుంటూ ఒక యువకుడు నానా హైరానా పడుతున్నాడు. నిక్కరు, టోపీ, చేతిలో తోలుసంచి. పెట్టె చుట్టూ తడిసిన గోనె. దాన్ని ఎవరైనా ఎండలో పెట్టబోతే తన ఒంటి మీద నిప్పు పెట్టినట్టు అరుస్తున్నాడు. పశువుల డాక్టరట, గుంటూరు వైపు మనిషి. పెట్టెలో రంపపుపొట్టు, అందులో మంచు, మంచులో సూదిమందు. ఎక్కడికని అడిగితే మద్దికండ్రిగ అన్నాడు. నా గుండె సగం కుదుటపడి సగం జారింది. డాక్టరు పోతున్నాడంటే రోగం అక్కడి దాకా వచ్చినట్టే కదా.

"ఆ ఊళ్లోకి ఇంకా రాలేదండి, పక్క ఊళ్లో పడింది" అన్నాడు అతను. "ఈ సాయంత్రంలోగా వెయ్యగలిగితే ఆపొచ్చు. మంచు కరిగిపోతే ఈ మందు మామూలు నీళ్లే. మళ్లీ మద్రాసు నుంచి వచ్చేసరికి ఏ కొట్టంలో ఏముంటుందో చెప్పలేను."

కార్వేటినగరానికి బస్సు పుత్తూరు బజారులో దొరుకుతుంది. పెట్రోలు కరువు తీరలేదు కాబట్టి అది బొగ్గు బస్సు. వెనక పెద్ద డ్రమ్ము, అందులో బొగ్గు రాజేసి, కండక్టరు చక్రం తిప్పి తిప్పి ఊదితే, గ్యాసు పుట్టి బస్సుకు బుద్ధి పుట్టినప్పుడు కదులుతుంది. పోదలచినవారు ముందు సీటు చూసుకోండి. వెనక కూర్చుంటే దిగేటప్పుడు మిమ్మల్ని మీవాళ్లే గుర్తుపట్టరు.

మా పక్క సీటులో మునిసామి అనే రైతు కూర్చున్నాడు. అతనిదీ మద్దికండ్రిగే, అక్క ఇంటికి ఎదురిల్లు. ఎద్దు కోసం పుత్తూరు సంతకు వచ్చి ఉత్త చేతులతో తిరిగి పోతున్నాడు. మడకకు, అంటే నాగలికి, కట్టిన జతలో ఎడమ పక్క నడిచేదాన్ని దాపటి ఎద్దు అంటారు, కుడి పక్కది వలపటి ఎద్దు. అలవాటైన పక్క మారిస్తే మొండికేస్తుంది. మునిసామి దగ్గర వలపటిది ఒక్కటే మిగిలింది. దానికి తోడు దాపటిది సంతలో దొరకలేదు.

"ఇంకోటి ఏమైంది?" అని డాక్టరు అడిగాడు.

మునిసామి ఆ టోపీనీ, తడిగోనెనూ తేరిపార చూశాడు. "మీలాంటోళ్లే వచ్చి పోయినేడు సూది ఏసినారు. నాలుగోనాటికి సచ్చిపోయినాది. బంగారట్లాంటి ఎద్దు."

"సూది వేసే ముందు దానికి జ్వరం చూశారా?"

"జొరం లేదు గిరం లేదు. వరసగా నిలబెట్టి పొడిసినారు, పోయినారు. అబ్బా, నువ్వు సదువుకున్నోడివి, నీతో నాకేమి మాటలు? నా ఎద్దు జోలికి మాత్రం రావద్దు."

డాక్టరు ఏదో అనబోయి ఊరుకున్నాడు. బస్సు కూడా అప్పుడే ఊరుకుంది. మిట్ట ఎక్కలేక ఆగితే అందరం దిగి తోశాం. ఎక్కాం, మళ్లీ దిగాం. ప్రతిసారీ డాక్టరు పెట్టె కింద సీటు పలకల సందుల్లోంచి నీళ్లు కారడం కనబడుతోంది. కారే ప్రతి చుక్కకూ అతని ముఖం ఇంకాస్త వాడిపోయింది.

కార్వేటినగరంలో దిగేసరికి రెండు దాటింది. పాత దివాణం గోడల నీడన రెండు బండ్లు నిలబడి ఉన్నాయి గాని, రోగమున్న దిక్కుకు ఎద్దులను తోలుకు రామని బండివాళ్లు ఖండితంగా చెప్పేశారు. వాళ్లదీ న్యాయమే. మద్దికండ్రిగకు నడక తప్పదు. డాక్టరు పెట్టె ఎత్తబోయి తూలాడు. నేను ఒక పక్క పట్టాను. నా చంకలో ఆవకాయ జాడీ ఉన్న సంగతి మీకు తెలుసు.

మునిసామి ముందుకు పోయినవాడు వెనక్కి తిరిగి వచ్చాడు. తలగుడ్డ చుట్టి, "ఎత్తండి" అన్నాడు.

"నమ్మనన్నావే?" అన్నాను.

"నమ్మలేదు. అట్లని ఈ ఎండలో ఇడిసిపెట్టి పోతానా? మనిషిని గదన్నా."

దారి పొడుగునా పెట్టెలోని మంచునీళ్లు అతని మెడ మీదుగా వీపు మీదికి కారుతూనే ఉన్నాయి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో నేనూ డాక్టరూ ఒగర్చుకుంటూ పోతుంటే మునిసామి మాత్రం, "ఏమైనా జెప్పు, సల్లగా ఉండాది" అన్నాడు. డాక్టరు మొదటిసారి నవ్వాడు.

దారిలో అన్ని చేలూ వేసవి దుక్కి చేసి ఉన్నాయి. పెళ్లలు పైకి తిరగబడి ఎండకు కాలుతున్నాయి. పురుగూ గడ్డివేరూ మాడిపోతాయి, మొదటి వాన నేలలోకి నిలువునా దిగుతుంది. గట్ల మీద ఆముదం విత్తడానికి సాళ్లు కూడా తీసి పెట్టారు. మా పక్క రైతులు వాన పడ్డాక మడక వెతుక్కుంటారు. వీళ్లు వాన కోసం ఇల్లు ఊడ్చి ముగ్గు పెట్టినట్టు నేలను సిద్ధం చేసి కూర్చున్నారు. చూసి కడుపు నిండింది. నిజం కడుపు మాత్రం ఖాళీగానే ఉంది.

ఊరి మొదట్లో ఆగిపోయాం. దారికి అటూ ఇటూ రెండు గుంజలు పాతి, పసుపు పూసిన మోకు అడ్డంగా, తల పైకి కట్టారు. దానికి వేపమండలు గుచ్చి, నడిమధ్య మూతి కట్టిన ముంత ఒకటి వేలాడదీశారు. తాడుకు అవతల ఊరంతా ఉంది. పంబ మోగుతోంది. వాయిస్తున్నది గంగమ్మకు కొలుపు చేసే పంబల గురవయ్య. మమ్మల్ని చూసి వాయించడం ఆపాడు.

"ఆడనే నిలబడండి. ఊరు కట్టేసినాం."

పక్క ఊళ్లో గొడ్లకు రోగం వస్తే ఇక్కడ ఊరు కడతారు. తాడు కట్టింది మొదలు వచ్చే మంగళవారం విప్పేదాకా బయటి మనిషి లోపలికి పోరాదు. లోపలి గొడ్డు బయటికి రారాదు. పాలచుక్క, పేడకడి, గడ్డిపరక ఏదీ దాటకూడదు. బయట చిక్కుకున్న మనిషికి తిండి ఆకులో చుట్టి పంపవచ్చు గాని, గిన్నె పోకూడదు, పోతే తిరిగి రాకూడదు. తాడు కట్టిన పూట మాత్రం పొద్దు వాలే వేళకు ఊరి పశువులన్నిటినీ ఒక్కొక్కటిగా ఆ తాడు కింద నిలబెట్టి వేపనీళ్లు చల్లుతారు. బయటికి నాలుగడుగులు తోలి, తిప్పి మళ్లీ తాడు కింద నుంచే లోపలికి పంపుతారు. అంతటితో కట్టు ముగుస్తుంది.

అవతల జనంలోంచి అక్క ముందుకు వచ్చింది. "తమ్ముడా! ఈపొద్దేరా నీకు రావడానికి దొరికినాది? తిన్నావా?" అంది. తినలేదంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. పది బారల దూరంలో అక్క, ఆమె ఇంట్లో సంగటి ముద్ద, మధ్యలో గంగమ్మ తాడు.

డాక్టరు తను వచ్చిన పని చెప్పాడు. ముందు గొణుగుడు, తర్వాత అరుపులు. "తాడు కట్టినాక రోగముండే మందు ఊళ్లోకి తెస్తావా?" అని ఒకడు. "పోయినేడు జూసినాం గదా" అని ఇంకొకడు. డాక్టరు బతిమాలలేదు, చట్టం పేరు ఎత్తలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టి, "మీరు కట్టిన తాడు మంచి పనండి. మాకు కాలేజీలో నేర్పింది కూడా ఇదే, రాకపోకలు ఆపమని. కానీ గాలికీ కాకులకూ తాడు తెలియదు. పెట్టెలో మంచు పిడికెడు మిగిలింది. పొద్దు గూకే వరకు ఇక్కడే ఉంటాను" అన్నాడు.

గురవయ్య ముంతను చూశాడు, పెట్టెను చూశాడు. తర్వాత అడిగాడు. "సామీ, నువ్వు లోపలికి రావల్లనా, గొడ్డు నీ దెగ్గిరికొస్తే సాలునా?"

"గొడ్డు వస్తే చాలు."

"సాలు గదా. గొడ్లు ఎట్లాగూ తాడు కిందకి వస్తాయి, ఒక్కోటీ నిలబడతాయి. నువ్వు ఆ పక్కన్నే ఉండు. తల్లి నిన్ను లోపలికి రావద్దనింది గానీ, మా గొడ్లని నిలబెట్టొద్దని అనలేదు." ఊరివాళ్ల వైపు తిరిగాడు. "నా నీళ్లు ముందు, ఆయన సూది ఎనక. ఇష్టమున్నోళ్లు ఏయించుకోండి, లేనోళ్లు నీళ్లు సల్లించుకోని పోండి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆచారాన్ని వెంట్రుకవాసి కూడా కదపకుండా దారి తీసిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. మా ఊరి పంచాయతీలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మొదట ఎవరూ ముందుకు రాలేదు. వచ్చింది మా అక్క. బూడిదరంగుది బూడిదోడు, గోధుమరంగుది పుల్లోడు. రెండిటినీ తనే దూడలప్పటి నుంచి పెంచింది. ముందు బూడిదోడు తాడు కింద నిలబడ్డాడు. గురవయ్య వేపమండతో నీళ్లు చల్లాడు. డాక్టరు తోక ఎత్తి జ్వరం కడ్డీ పెట్టాడు. పిల్లలు పగలబడి నవ్వారు. కడ్డీ చూసి తల ఊపి, మెడ దగ్గర సూది వేసి, "కొద్దిరోజులు ఒళ్లు వెచ్చబడుతుంది. కాడి కట్టకండి. అందుకే దుక్కుల ముందు వెయ్యడం" అన్నాడు.

తర్వాత పుల్లోడు. కడ్డీ తీసి చూశాడు. తుడిచి మళ్లీ పెట్టి చూశాడు. కళ్ల రెప్పలు ఎత్తాడు, నోరు తెరిపించి చిగుళ్లు చూశాడు. సూది పక్కన పెట్టేశాడు.

"దీనికి వెయ్యనమ్మా."

"ఏల సామీ?"

"జ్వరం ఉంది. రోగం లోపల మొదలైంది. ఇప్పుడు వేస్తే ఇంకా తొందరగా పోతుంది. దీన్ని మళ్లీ మందలో కలపకండి."

అక్క పుల్లోడి ముఖం వైపు చూసింది. పొద్దున కుడితి తక్కువ తాగాడని తనకు అప్పుడే అనుమానం తగిలిందని తర్వాత చెప్పింది. జనం వెనక్కి జరిగారు. గురవయ్య తల వంచుకుని, "బయటికొచ్చినోడు బయటనే ఉండాల, రాజమ్మా" అన్నాడు.

అక్క బూడిదోడి పగ్గం మునిసామి పెళ్లాం చేతిలో పెట్టింది. కొంగు బిగించి తాడు కింద నుంచి ఇవతలికి వచ్చేసింది. పుల్లోడి పగ్గం చేతికి చుట్టుకుంది.

"అక్కా, మంగళవారం దాకా లోపలికి రానియ్యరు" అన్నాను.

"తెలుసు లేరా. వాడీడ, నేనాడ ఉంటే నాకు ముద్ద దిగతాదా? నువ్వు సుట్టపుసూపుకి గదా వచ్చినావు, పా, మామిడితోపులో కాపురం బెడదాం" అంది. నవ్వుతూనే అంది గాని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

ఇదంతా మునిసామి తాడుకు ఇవతల, మంచుపెట్టె పక్కన నిలబడి చూస్తున్నాడు. డాక్టరు దగ్గరికి వచ్చి అడిగాడు. "పోయినేడు నాదానికి గూడా ఇట్లా జొరం ఉండిందేమో?"

"ఉండి ఉండొచ్చు. చూడలేదు కదా, నేను చెప్పలేను."

"వెయ్యనని కూడా జెప్తారా మీరు?"

"చెప్పాలి కదండీ."

మునిసామి తాడు అవతలికి కేకేశాడు. "ఏమే! వలపటోడిని తోలుకోనిరా! ముందు జొరం సూడమను, ఆ తరవాతే సూది!" ఆ కేకతో ఊరు కదిలింది. పొద్దు గూకేలోగా ఆవులు, ఎద్దులు, దూడలు, గేదెలు అన్నీ తాడు కిందకి వచ్చాయి. వేపనీళ్లు, జ్వరం కడ్డీ, సూది. డాక్టరు వంగిన నడుం ఎత్తలేదు. చివరి దూడ లోపలికి పోయేసరికి పెట్టెలో తడిపొట్టు మాత్రం మిగిలింది.

ఆ తర్వాతి రోజులు తోపులో గడిచాయి. డాక్టరు పొరుగు పల్లెలకు పోతూ పోతూ చెప్పినవన్నీ అక్క చేసింది. పుల్లోడికి రాగి అంబలి పల్చగా కాచి పోసింది. పటిక నీళ్లతో నోరు కడిగింది. పేడను గోతిలో వేసి సున్నం చల్లింది. మా ఇద్దరికీ రోజూ ఎవరో ఒకరు ఆకులో సంగటి, ఊరిబిండి పచ్చడి చుట్టి తాడు కింద పెట్టి పోయేవారు. మా ఆవకాయ జాడీ బయటే ఉండిపోయింది కాబట్టి మాకు కూరల లోటు లేదు. తాడు కట్టే వేళకు ఊరి బయట ఉన్నాడు కాబట్టి మునిసామి మాతోనే తోపులో పడుకున్నాడు. అతనే నీళ్లు మోశాడు. నేను అక్క పక్కన కూర్చుని విత్తనం కాయలు ఏరాను. వాటిని కూడా ఆకులోనే చుట్టి పంపారు.

పుల్లోడు దక్కలేదు. సోమవారం మధ్యాహ్నం అక్క ఒళ్లో తల పెట్టి కన్నుమూశాడు. అక్క గట్టిగా ఏడ్వలేదు. చెవి నిమురుతూ, "ఒక్కరోజు మడక కింద మొండికెయ్యలేదురా నాయనా నువ్వు" అంది. డాక్టరు చెప్పినట్టు తోలు ఒలవకుండా లోతుగా పాతిపెట్టి సున్నం వేశాం. గుంట తవ్వింది మునిసామి.

మంగళవారం గురవయ్య తాడు విప్పాడు. ఊళ్లో ఇంకో గొడ్డుకు రోగం రాలేదు. పక్క ఊళ్లో కొట్టాలు ఖాళీ అయ్యాయని వినబడుతుంటే, ఇక్కడ సాయంత్రం పూట మంద గంటలు వినడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అయినా అక్క ఇంట్లో మాత్రం దాపటి ఎద్దు బూడిదోడు ఒక్కడే గాటి దగ్గర నిలబడి పక్కకు తిరిగి తిరిగి చూసేవాడు.

విత్తనం బస్తా సిద్ధమైంది. నేను పోతానంటే అక్క వద్దనలేదు. పొలం ఈ ఏడు కోరుకు, అంటే పంటలో వాటాకి, ఎవరికైనా ఇచ్చేస్తానంది. ఆ మాట అన్నప్పుడు నా ముఖం చూడలేదు. నాకు పోబుద్ధి కాలేదు. సూది జ్వరాలు తగ్గేదాకా, తర్వాత వాన కోసం, అంటూ ఉండిపోయాను. మృగశిర పుట్టిన రెండో సాయంత్రం కొండల మీద నుంచి మబ్బు దిగి దుక్కులన్నీ తాగినంత వాన కురిసింది.

మర్నాడు తెల్లవారేసరికి ఊరి జతలన్నీ పసుపు కుంకుమలతో వీధిలోకి వచ్చాయి. మొదటి సాలు దున్నే రోజున ఇక్కడ జతలన్నీ కలిసి ఊరు దాటతాయి. జత లేని ఇంటివాళ్లు ఆ పూట తలుపు దగ్గరికి వేసుకుంటారు. అక్క తలుపు వేయబోతుంటే ఎదురింటి మునిసామి తన వలపటి ఎద్దును తోలుకుని వాకిట్లోకి వచ్చాడు. కొమ్ములకు నూనె రాసి ఉంది. భుజం మీద కాడి.

"అక్కా, మీ దాపటోడిని ఇప్పు. నీ సేను ముందు, నా సేను ఎనక" అన్నాడు.

అక్క లోపలికి పోయి పసుపు తెచ్చి ముందు అతని ఎద్దు నుదుట పెట్టింది. తర్వాత బూడిదోడికి పెట్టింది.

దాపటోడూ వలపటోడూ కాడి కింద తలలు పెట్టారు. ఊరి చివర, తాడు కట్టిన గుంజల దగ్గరికి వచ్చేసరికి రెండు ఎద్దులూ ఆగిపోయాయి. వేపనీళ్లకూ కడ్డీకీ ఆగిన చోటు కదా, ఆ అలవాటు. వెనక జతలన్నీ నిలిచిపోయాయి. మునిసామి చెర్నాకోల ఎత్తలేదు. అక్కే ముందుకు పోయి బూడిదోడి గంగడోలు నిమిరి, "పోండి నాయనా, ఇంగ కట్టు లేదు" అంది. అవి కదిలాయి. మొదటి సాలులో కొంచెం వంకరపోయాయి, రెండో సాలుకు సర్దుకున్నాయి. ఆ ఏడు కోరుకు ఇవ్వాలన్న మాట అక్క మళ్లీ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే నేను బయలుదేరాను. విత్తనం బస్తాను బొగ్గు బస్సు టాపు మీద వేయించాను. వాన వెలిసిన దారి కాబట్టి రెండుసార్లే తోశాం. పుత్తూరులో రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున రేణిగుంట చేరి, మధ్యాహ్నం చిన్నబండి ఎక్కాను. ఆ బండిలోనే ఖాళీ గంపతో దోసకాయల ఆయన ఎక్కాడు. గుండు మీద వెంట్రుకలు మొలిచి వేషం మారినా నన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, ఇన్నాళ్లుండినావు! మీ యక్క ఎద్దులు బాగుండాయా? ఆ సూదోళ్లు వచ్చినారా?"

వచ్చారన్నాను. ఊరంతా వేయించుకున్నారన్నాను.

"అయ్యో. ఎన్ని సచ్చినాయి?"

"ఒకటి. మా అక్కదే."

"సూసినావా!" అని తొడ చరుచుకున్నాడు. "నేను ముందే జెప్పలే?"

"దానికి సూది వెయ్యలేదు" అన్నాను.

నేను కథంతా చెప్పాను. తాడు సంగతి, గురవయ్య మాట, జ్వరం కడ్డీ, వెయ్యనన్న డాక్టరు, నమ్మకుండానే పెట్టె మోసిన మునిసామి. బండి పొలాల మధ్య పోతోంది. ఎక్కడ చూసినా జతలు, కొత్త సాళ్లు. ఏర్పేడు వస్తుంటే ఆయన లేచి గంప చంకన పెట్టుకున్నాడు. దిగబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"మా ఊళ్లోనూ గొడ్లుండాయి. ఆ డాక్టరు యాడుంటాడో జెప్పు. పెట్టె నేను మోస్తాను."